చిన్న యాంప్లిఫయర్ బాగుందో లేదో తేల్చుకోవడం ఎలా: చెవి, మల్టీమీటర్, ఒక రాత్రి

హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీలో ఏ యాంప్లిఫయరైనా బాగానే మోగుతుంది. ఒక పక్క ఆటోల హారన్లు, ఇంకో పక్క ఎదురు షాపులో డీజే బాక్సులు. మధ్యలో షాపతను బేస్ నాబ్ చివరిదాకా తిప్పి, వాల్యూమ్ ముప్పావు వంతుకు పెంచి "ఎట్లుంది సార్?" అని అడుగుతాడు. చొక్కా గుండీలు అదురుతుంటే బాగాలేదని ఎలా అంటాం? నేనూ అనలేదు. డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఒక కచేరీ పెట్టుకుంటే, తంబూరా శ్రుతితో పాటు ట్వీటర్ (పైస్థాయి ధ్వనులు పలికే చిన్న స్పీకర్) లోంచి సన్నగా "సుయ్" మని ఇంకో శ్రుతి. వాల్యూమ్ బాగా తగ్గించేసరికి మధ్యలో కూర్చుని పాడాల్సిన గాయకుడు కుడి స్పీకర్లోకి జరిగిపోయాడు.

ఈ రెండు లోపాలూ ఆ గల్లీలో అరగంట నిలబడ్డా వినపడేవి కావు. అప్పటి నుంచి చిన్న యాంప్లిఫయర్ ఏది చేతికొచ్చినా ఒక వరసలో పరీక్షిస్తున్నాను. ఐదారు వేల లోపు దొరికే చిన్న క్లాస్-డీ (చిప్ వేగంగా ఆన్, ఆఫ్ అవుతూ ధ్వనిని పెంచే రకం) పెట్టెలనే ఇక్కడ దృష్టిలో పెట్టుకున్నాను. అరచేతిలో పట్టే అల్యూమినియం డబ్బా, వెనక నాలుగు స్పీకర్ టెర్మినళ్లు, విడిగా ఒక అడాప్టర్, అంతే. వీటిలో చాలావాటి లోపల ఉండేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116 ఐసీ (చిప్), లేదా దాని అన్నదమ్ములు. పాత టీడీఏ2030 చిప్ అసెంబుల్డ్ సెట్లకు కూడా ఈ వరస చాలావరకు పనికొస్తుంది. ఇంత చిన్న డబ్బాలో ఇంత శుభ్రమైన ధ్వని వస్తుందని ఆడియో పిచ్చివాళ్లను మొదట నమ్మించింది ట్రైపాత్ అనే అమెరికా కంపెనీ చిప్పులు. పాపం, ఆ కంపెనీ 2007లో దివాలా తీసింది. దాని పాత బోర్డులను ఇప్పటికీ వెతుక్కుని కొనేవాళ్లున్నారు.

కావలసినవి: ఏదో ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, మీకు బాగా అలవాటైన స్పీకర్లు, పాడైనా బాధలేని పాత స్పీకర్లు ఒక జత, పోల్చడానికి ఇంకో యాంప్లిఫయర్, చివర్లో సాయానికి ఇంట్లో ఒక మనిషి.

1. వినడానికి ముందు అడాప్టర్ చదవండి

డబ్బా మీద "100 వాట్లు + 100 వాట్లు" అని ఉంటుంది. దాన్ని పట్టించుకోకండి. ఒకప్పుడు టూ-ఇన్-వన్‌ల మీద పీఎంపీవో (పీక్ మ్యూజిక్ పవర్) అని వేల వాట్లు రాసిన అలవాటే ఇది. అమెరికాలో ఈ గొడవ భరించలేకే యాంప్లిఫయర్ వాట్లు ఎలా కొలిచి చెప్పాలో 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన పెట్టింది. మనం మాత్రం అడాప్టర్ వెనక ఉన్న చిన్న అక్షరాలను నమ్ముకోవాలి.

లెక్క సులభం. ఈ చిప్పులు స్పీకర్‌కు ఇవ్వగలిగిన శుభ్రమైన పవర్ గరిష్ఠంగా ఇంత: అడాప్టర్ వోల్టేజిని దానితోనే గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెండింతలతో భాగించాలి. 12 వోల్టులు, 8 ఓమ్‌లు అయితే 144 ÷ 16, అంటే 9 వాట్లు. 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టరుతో 22 పైచిలుకు. 24 వోల్టులతో 36. నిజంగా వచ్చేది ఇంకాస్త తక్కువే ఉంటుంది. 4 ఓమ్‌ల స్పీకర్లకు ఈ అంకెలు రెట్టింపవుతాయి కానీ అంత కరెంటు అడాప్టర్ ఇవ్వగలగాలి. 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ మొత్తం శక్తే 24 వాట్లు. అందులోంచి రెండు వందల వాట్లు పిండడం బ్రహ్మ తరం కూడా కాదు.

చిప్ తయారుచేసినవాళ్ల పత్రంలో టీపీఏ3116కు 21 వోల్టుల మీద, 4 ఓమ్‌లకు ఛానెల్‌కు 50 వాట్లు అని ఉంటుంది. అది 10 శాతం వక్రీకరణ దగ్గర కొలిచిన అంకె. అంటే గొంతు బొంగురుపోయాక లెక్కపెట్టిన వాట్లు.

అలాగని 9 వాట్లు చాలవని కాదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. 18 వాట్లకీ 36 వాట్లకీ తేడా వాల్యూమ్ నాబ్ మీద ఒక చిన్న తిప్పు. మా హాల్లో రోజూ వినే గట్టితనంలో పాట నడుస్తుండగా స్పీకర్ తీగల దగ్గర మీటర్ పెట్టి చూస్తే అంకెలు 1, 2 వోల్టుల మధ్య ఎగిరాయి. 8 ఓమ్‌ల మీద 2 వోల్టులంటే అర వాట్. మిగతా వాట్లన్నీ డోలు దెబ్బకీ, తాళం చప్పుడుకీ ఒక్క క్షణం పైకి లేవడానికి దాచుకునే నిల్వ.

అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో చూడండి. పిన్ను వేలితో కదిపితే వదులుగా ఆడుతుందా? లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లు, 2.5 మిల్లీమీటర్లు అని రెండు రకాలుంటాయి. 2.1 సాకెట్లో 2.5 పిన్ను పెడితే వదులుగా ఉండి, బేస్ పడ్డప్పుడల్లా సెట్ ఆగి ఆగి మోగుతుంది, మనం చిప్పును తిడతాం. మూత విప్పే ధైర్యముంటే పెద్ద కెపాసిటర్ల మీద రాసిన వోల్టులు కూడా చూడండి. 24 వోల్టుల అడాప్టర్ ఇచ్చి లోపల 25 వోల్టుల కెపాసిటర్లు పెట్టినవాణ్ణి నేనైతే నమ్మను.

2. మంచి స్పీకర్లు వెంటనే తగిలించొద్దు

ముందుగా పాత స్పీకర్లు పెట్టండి. సెట్ ఆన్ చేసి, పాట ఏమీ లేకుండా, మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో ఉంచి ఎర్ర, నల్ల టెర్మినళ్ల మధ్య కొలవండి. పాట లేనప్పుడు స్పీకర్‌కు డీసీ (ఒకే దిశలో నడిచే కరెంటు) వెళ్లకూడదు. రెండు ఛానెళ్లకూ విడివిడిగా. 50 మిల్లీవోల్టుల లోపుంటే నిశ్చింత. వందలు దాటితే ఆ పెట్టెను వెనక్కి పంపేయండి, తరవాతి పరీక్షలు అనవసరం. ఆన్, ఆఫ్ చేసేటప్పుడు "టప్" మనే చప్పుడు చిన్నగా ఉంటే సర్దుకోవచ్చు. కోన్ ముందుకి తన్నుకొచ్చేంత ఉంటే వద్దు.

ఒక హెచ్చరిక. ఈ క్లాస్-డీ పెట్టెల్లో నల్ల టెర్మినల్ గ్రౌండ్ కాదు. రెండు నల్లవాటిని కలిపినా, డబ్బాకు తాకించినా, ఆసిలోస్కోప్ క్లిప్ తగిలించినా చిప్ పోవచ్చు. బ్యాటరీతో నడిచే మల్టీమీటర్‌తో భయం లేదు. రెండు యాంప్లిఫయర్లను ఒకే స్పీకర్‌కు మార్చి మార్చి వినిపించే స్విచ్ బాక్సులు అమ్ముతారు. వాటిలో నల్ల తీగలన్నీ లోపల ఒకటిగా కలిసి ఉంటే వీటికి పనికిరావు.

3. ఫ్యాన్ ఆపండి

చెప్పుకోవడానికి చిన్నదే గానీ, మన ఇళ్లలో ధ్వని పరీక్ష సగం ఇక్కడే పాడవుతుంది. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుని "హిస్ అస్సలు లేదు" అని తీర్పు చెప్పేస్తాం. ఫ్యాన్, ఏసీ ఆపి, ఫ్రిజ్ మోటారు ఆగేదాకా చూసి, కిటికీలు మూసి, చెమటలు పట్టినా పది నిమిషాలు ఓర్చుకోండి. ఈ పని రాత్రే బాగా సాగుతుంది.

ఇన్‌పుట్‌కు ఏ తీగా లేకుండా, వాల్యూమ్ సున్నాలో ఉంచి ట్వీటర్‌కు బెత్తెడు దూరంలో చెవి పెట్టండి. సన్నని "సుయ్" వినిపిస్తే భయపడొద్దు, చాలా పెట్టెల్లో ఉంటుంది. మెల్లగా వెనక్కి జరగండి. ఒక మీటరు దూరం జరిగేసరికి అది మాయమైపోతే చాలు. కుర్చీలో కూర్చున్నా వినిపిస్తుంటే రాత్రి వినేవాళ్లకు అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. టీపీఏ3116 గెయిన్‌ను (వచ్చిన సిగ్నల్‌ను ఎంత పెంచాలనేదాన్ని) 20, 26, 32, 36 డెసిబెల్స్ అని నాలుగు మెట్లలో పెట్టుకోవచ్చు. చవక బోర్డులు అవసరానికి మించిన మెట్టు మీద ఉంటే నాబ్ కొంచెం తిప్పగానే పెద్ద శబ్దం వస్తుంది, కొన్నవాడికి "పవర్ ఉంది" అనిపిస్తుంది. దానికి మనం కట్టే మూల్యం ఈ సుయ్ శబ్దం.

తరవాత తీగ తగిలించి వినండి, ఆ తరవాత ఫోన్, ఆఖరున ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ లేదా టీవీ. ఏ మెట్టులో కొత్త శబ్దం మొదలైందో అక్కడే దొంగ ఉన్నాడు. ఫోన్‌తో నిశ్శబ్దంగా ఉండి, ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే "బుయ్" మంటే అది గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల గ్రౌండ్ తీగలు కలిసి చుట్టులా ఏర్పడటం), యాంప్లిఫయర్ తప్పు కాదు. మౌస్ కదిపినప్పుడల్లా కీచుకీచుమంటే అది కంప్యూటర్ వ్యవహారం. అసలు తీగే లేనప్పుడు గుర్రుమంటే మాత్రం దోషం పెట్టెదో, అడాప్టర్‌దో. ఇంకో అడాప్టర్ మార్చి చూస్తే ఏదో తెలిసిపోతుంది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు వచ్చే గురకను లెక్కలోకి తీసుకోకండి.

4. చిన్న వాల్యూమ్, పాత మోనో పాట

ఘంటసాల కాలం నాటి మోనో రికార్డింగు ఏదైనా తీసుకోండి. మోనో అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే ధ్వని. రెండింటికీ సమాన దూరంలో కూర్చుంటే గొంతు సరిగ్గా మధ్యలో, గోడమీద గీసిన బొమ్మలా నిలబడాలి. ఇప్పుడు వాల్యూమ్ తగ్గిస్తూ పోండి, పక్కగదిలో నిద్రపోయేవాళ్లకు వినపడనంతగా. చవక వాల్యూమ్ పాట్‌లో (నాబ్ వెనక ఉండే భాగంలో) రెండు ఛానెళ్ల పొరలు సమానంగా ఉండవు, ఆ తేడా అడుగున, మొదటి కొద్ది తిప్పులోనే బయటపడుతుంది. గొంతు ఓ పక్కకి జారిందా? స్పీకర్ తీగలు ఎడమా కుడీ మార్చి మళ్లీ వినండి. జారుడు కూడా రెండో వైపుకి మారితే యాంప్లిఫయర్‌దే, మారకపోతే మీ గదిదో స్పీకర్‌దో.

నాబ్ మెల్లగా తిప్పుతూ గరగర వస్తుందేమో చూడండి. కొత్త పెట్టెలోనే గరగర ఉంటే ఆర్నెల్లు తిరిగేసరికి ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

5. గట్టితనం సమానం చెయ్యకుండా పోల్చొద్దు

ఈ మొత్తంలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చెయ్యండి.

మా బావమరిది ఒక కొత్త పెట్టె పట్టుకొచ్చాడు. నా పాతదానితో పోల్చి, రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "బావా, ఇందులో గొంతు ఎంత విచ్చుకుందో చూడు. నీదాంట్లో ముసుగేసినట్టుంది." నాకూ అలాగే వినిపించింది, అబద్ధమెందుకు. మీటర్ పెట్టి చూస్తే అతనిది 1.30 వోల్టులు, నాది 1.00. రెండు డెసిబెల్స్‌కు పైగా తేడా. నాదాన్ని 1.30కి పెంచి మళ్లీ వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తరవాత "ఏదో మార్చావు" అన్నాడు. మార్చింది వాల్యూమే. కొంచెం గట్టిగా ఉన్నదాన్ని మన చెవి "గట్టిగా ఉంది" అనుకోదు, "స్పష్టంగా ఉంది, బేస్ నిండుగా ఉంది" అనుకుంటుంది.

చేసే విధానం ఇది. ఫోన్లో 200 హెర్ట్జ్ సైన్ టోన్ ఒకటి పెట్టుకోండి. చవక మల్టీమీటర్లు ఏసీ వోల్టేజిని కొన్ని వందల హెర్ట్జ్ వరకే నమ్మకంగా చూపిస్తాయి, అందుకే 1,000 హెర్ట్జ్ వద్దంటున్నాను. స్పీకర్ తగిలించి ఉండగానే టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టులు కొలవండి. మొదటి పెట్టెలో 1.00 వోల్టు వచ్చేలా నాబ్ తిప్పి, నాబ్ మీదా డబ్బా మీదా పెన్సిల్‌తో గీత పెట్టండి. రెండోదాన్నీ 1.00కి తేవాలి. 1.01 వచ్చినా ఫరవాలేదు, అది ఒక డెసిబెల్‌లో పదో వంతు కంటే తక్కువ. 1.05 మాత్రం ఒప్పుకోవద్దు. ఫోన్ వాల్యూమ్‌ను తరవాత ముట్టుకోకండి. ఫోన్లోని ఈక్వలైజర్, డాల్బీ, యాప్‌లో వాల్యూమ్ సరిచేసే సెట్టింగులు ముందే ఆపేయండి. యాంప్లిఫయర్ మీద బేస్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో ఉంచండి, ఆ నాబ్‌లను పక్కన పెట్టే బైపాస్ బటనుంటే నొక్కండి. మధ్యలో "టక్" మని ఆగే చోటు ఉన్నంత మాత్రాన అక్కడ ధ్వని సమంగా ఉంటుందని గ్యారంటీ లేదు.

ఇదంతా తీగతోనే. బ్లూటూత్‌తో పోల్చితే ఏది యాంప్లిఫయర్ ధ్వనో, ఏది బ్లూటూత్ కుదించిన ధ్వనో తెలియదు. దాన్ని చివర్లో విడిగా వినండి, తీగతో విన్నదానికి ఎంత దగ్గరగా ఉందో మాత్రం చూడండి.

6. ఏం వినాలి

గొంతుతో మొదలుపెట్టండి. అదీ పాట కాదు, మాట. ఆకాశవాణి వార్తల్లాంటి శుభ్రమైన చదువు. "విశేష సమాచారం" అనే రెండు మాటల్లో శ, ష, స మూడూ ఉన్నాయి. బాగా పలికే గొంతులో ఈ మూడూ మూడుగానే వినపడాలి. "స" సీత్కారం పైస్థాయిలో ఉంటుంది, "శ" దానికంటే కింద. పైస్థాయి అతిగా ఉంటే అన్నీ "స్స్" అని చెవికి గీసుకుంటాయి, తగ్గితే మూడూ దుప్పటి కప్పుకుంటాయి. చదివేవాళ్లే శ, ష కలిపేస్తుంటే యాంప్లిఫయర్‌ను తిట్టొద్దు.

ఇక్కడొక మెలిక ఉంది. క్లాస్-డీ పెట్టెల్లో చిప్ తరవాత చిన్న కాయిళ్లు, కెపాసిటర్లు ఉంటాయి, ప్రతి ఛానెల్‌కూ. చిప్ సెకనుకు లక్షలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది కాబట్టి ఆ రొదను వడకట్టి సంగీతాన్ని మాత్రం స్పీకర్‌కు పంపేది ఇవే. ఈ వడపోత ఒక ఓమ్‌ల విలువకు సరిపోయేలా కట్టి ఉంటుంది. చవక బోర్డుల్లో వడపోత తరవాత ధ్వనిని మళ్లీ సరిచూసే ఏర్పాటు ఉండదు. అందువల్ల అదే పెట్టె ఒక స్పీకర్‌తో కాస్త కరుగ్గా, ఇంకో స్పీకర్‌తో కాస్త మెత్తగా ఉండొచ్చు. కాబట్టి ఎవరో "ఇది చాలా బ్రైట్" అన్నారని మీరు నిర్ణయించుకోవద్దు. వాళ్ల స్పీకర్లు మీ దగ్గర లేవు. మీ స్పీకర్లతోనే వినండి, వీలైతే రెండో జతతోనూ.

తరవాత మృదంగం. ఎడమ వైపు తొప్పి మీద అరచెయ్యి నొక్కి జరిపినప్పుడు వచ్చే గుంకారం ఒక స్వరంలా కిందికీ పైకీ జారాలి. ఆ జారుడు వినపడకుండా ప్రతి దెబ్బా ఒకేలా "బుమ్, బుమ్" మంటే బేస్ ఎక్కువున్నా లాభం లేదు. కుడి వైపు "నం" కణకణలాడాలి, అది ఆగిన తరవాత వెనక తంబూరా తీగ వినపడుతూ ఉండాలి. తంబూరా ఎంత దూరం దాకా వినపడుతుందో దాన్నిబట్టే సెట్ నిశ్శబ్దం తెలుస్తుంది.

లోపలి ఆపాంప్ (సిగ్నల్‌ను ముందుగా పెంచే చిన్న చిప్) మార్చితే ధ్వని మారిపోతుందని, 4558 అనే మామూలు చిప్ తీసేసి ఇంకోటి గుచ్చమని చాలామంది చెబుతారు. నేను మార్చి చూశాను. గట్టితనం సమానం చేశాక తేడా పట్టుకోలేకపోయాను. ఆ డబ్బు మంచి అడాప్టర్ మీద పెట్టడం మేలు.

7. ఇప్పుడు గట్టిగా

నాదస్వరం, డోలు కలిసిన పెళ్లి బాణీ ఏదైనా పెట్టండి. నాదస్వరం ఊపిరి తీసుకోకుండా ఒకే గట్టితనంలో సాగుతుంది, మీద డోలు విరుచుకుపడుతుంది. యాంప్లిఫయర్‌కు ఇంతకంటే కఠినమైన ప్రశ్నపత్రం ఉండదు. వాల్యూమ్ మెట్టు మెట్టుగా పెంచుతూ డోలును కాదు, నాదస్వరాన్ని వినండి. డోలు దెబ్బ పడ్డ ప్రతిసారీ నాదస్వరం ఒక్క క్షణం గీరినట్టు అయితే అక్కడ పవర్ అయిపోయింది. అదే క్లిప్పింగ్. అక్కడ గీత పెట్టి, ఇంకో మెట్టు తగ్గించండి. దాన్ని దాటి నడిపితే ముందు పోయేది ట్వీటర్. మీరు మామూలుగా వినే గట్టితనం ఆ గీతకు చాలా కిందుంటే ఈ పెట్టె మీకు సరిపోతుంది. 12 వోల్టుల అడాప్టర్‌తో త్వరగా గీరి, 19 లేదా 24తో శుభ్రంగా ఉంటే లోటు చిప్‌ది కాదు. మార్చేముందు పిన్ ధ్రువత్వం (ప్లస్ ఏదో, మైనస్ ఏదో) చూసుకోండి. టీపీఏ3116కు 26 వోల్టులు దాటకూడదు.

గంటసేపు అలా నడిపి డబ్బా ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలితే, మే నెలలో టీవీ స్టాండ్ అరలో దాని గతేమిటో ఆలోచించుకోండి.

8. చూడకుండా

రెండు పెట్టెల మధ్య తేడా ఉందని ఇంకా గట్టిగా అనిపిస్తుంటే, సాయానికి పిలిచిన మనిషి ఇప్పుడు కావాలి. నాణెం ఎగరేసి బొమ్మ పడితే మొదటిది, బొరుసు పడితే రెండోది. మీరు గది బయట ఉండాలి, ఎందుకంటే ఆన్ చేసేటప్పుడు వచ్చే "టప్" చప్పుడే ఏదో చెప్పేస్తుంది. నేను వంటింట్లో నిలబడి "సరే" అని పిలుపు వచ్చాక వెళ్లేవాణ్ణి. తీగలు మార్చేది కరెంటు ఆపాకే, అదీ చకచకా జరగాలి. ధ్వనిలో సూక్ష్మమైన తేడాలు చెవికి కొద్ది సెకన్లే గుర్తుంటాయి. బనానా ప్లగ్గులుంటే పని తేలిక. పెట్టెల మీద తువ్వాలు కప్పండి.

అదే పాట, అదే ముప్పై సెకన్లు, పదిసార్లు. ఏది మోగుతోందో ప్రతిసారీ కాగితం మీద రాయండి. పదింటికి తొమ్మిదో, పదో సరిగ్గా చెబితే మీకు నిజంగానే తేడా తెలుస్తోంది, గుడ్డిగా చెప్పి అన్ని తగలాలంటే 1,024లో 11 వంతులే అవకాశం. ఆరో, ఏడో వస్తే ఊరికే చెప్పినా వచ్చేవే. మా బావమరిదికి ఐదు వచ్చాయి, నాకు ఆరు. మా ఆవిడ ఆ కాగితం చూసి, "అయితే తక్కువ రేటుది ఉంచుకోండి" అని ఫ్యాన్ వేసుకుంది.

వెనక్కి పంపాలో ఉంచుకోవాలో తేల్చేటప్పుడు నా లెక్క ఇలా ఉంటుంది. డీసీ వందల మిల్లీవోల్టులు, తీగ లేకుండానే గురక, మామూలు వాల్యూమ్‌లో గొంతు పక్కకు జరగడం, ఇవి తిరుగులేని దోషాలు, గడువు లోపలే ఇచ్చేయాలి. అట్టడుగు వాల్యూమ్‌లో మాత్రమే జరిగితే ఫోన్ వాల్యూమ్ కాస్త తగ్గించి, నాబ్‌ను పైకి తెచ్చి వాడుకోవచ్చు. గ్రౌండ్ లూప్‌ను తెంచడానికి ఐసోలేటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన నా పెట్టె ఇప్పుడు వంటింట్లో రేడియోకు తగిలించి ఉంది. కుక్కర్ విజిల్ మధ్య ఆ సుయ్ శబ్దం ఎవరికీ వినపడదు.